నున్నటి వైపు పైకి

జారిపడ్డ మనిషి మొట్టమొదట చేసే పని దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకోవడం కాదు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూడటం. యూనివర్సిటీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్ళు దారులూ, మెట్లూ, మురుగుకాలవలూ చూసుకుంటూ బతికినవాణ్ణి, ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎంత పెద్ద ప్రొఫెసరైనా అంతే. మోకాలు చెక్కుకుపోయినా సరే, ముందు అటూ ఇటూ చూసి, ప్యాంటు దులుపుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోతాడు. అది చూసి నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి. ఒక చలికాలం నేనూ సరిగ్గా అదే పని చేశాను. నేను పడింది మాత్రం రాళ్ళ మీద కాదు.

సెక్షన్‌లో కొత్తగా చేరిన మీరు పాత రోజుల్లో మేం కట్టిన గొప్ప గొప్ప బిల్డింగుల గురించి రాయమని అడిగారు. వాటి ఫొటోలు ఆఫీసు గోడల మీద ఉన్నాయి, చూసుకోండి. శిలాఫలకాల మీద పేర్లు కూడా ఉంటాయి, వాటిలో నా పేరు వెతక్కండి, ఉండదు. నేను గేటు దగ్గర్నుంచి సైన్సు బ్లాకు దాకా వెళ్ళే నడకదారి గురించి రాస్తాను. మీరు రోజూ నడిచే దారే అది. ఎందుకలా ఉందని మీలో ఒక్కరూ నన్ను అడగలేదు.

తొంభైల చివరి మాట. అప్పుడు నేను అసిస్టెంట్ ఇంజనీరుని. క్యాంపస్ చుట్టూ అటు పత్తి, ఇటు మిరప. నేలంతా నల్లరేగడి. ఎండాకాలం ఆ నేల చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలిస్తుంది, నాలుగు చినుకులు పడితే చాలు ఉబ్బి జిగురైపోతుంది. చెప్పు దిగబడిందంటే కాలు పైకొస్తుంది గానీ చెప్పు రాదు. అందుకే మన వైపు జనానికి చిన్నప్పటినుంచీ ఒక అలవాటు. నేల తడిసిందంటే చెప్పులు విప్పి చేత పట్టుకుంటారు, బొటనవేళ్ళు నేలకు గుచ్చి నడుస్తారు. ఎమ్మెస్సీ చదివే పిల్లలైనా, పాఠం చెప్పే రీడరు గారైనా అలాగే వచ్చేవాళ్ళు. గేటు దగ్గర బస్సు దిగి, చేతిలో చెప్పులతో, గ్రావెల్ పోసిన దారమ్మట సైన్సు బ్లాకు కుళాయి దాకా వచ్చి, కాళ్ళు కడుక్కుని క్లాసులకి వెళ్ళేవాళ్ళు.

ఆ ఏడు స్నాతకోత్సవానికి గవర్నరు గారు వస్తున్నారన్నారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు నన్ను పిలిచి, "ఏమయ్యా, ఆ గ్రావెల్ దారి తీసిపారేసి నాపరాళ్ళు పరిపించు. అద్దంలా ఉండాలి" అన్నారు. మాచర్ల వైపునుంచి లారీల్లో రాళ్ళు దిగాయి. వాటితోపాటు అటువైపే ఉండే ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. మాట తక్కువ, చుట్ట ఎక్కువ. మొదటి రాయి దించి, గోనె మీద నిలబెట్టి, నన్ను పిలిచాడు.

"సారూ, దీనికి రెండు మొహాలండీ. ఒకవైపు మిషను మీద పట్టించారు, నున్నగా ఉంటది. రెండోవైపు గనిలోంచి వచ్చింది వచ్చినట్టే, గరుకు. ఏది పైకి పెట్టమంటారు?"

"అదేం ప్రశ్న మేస్త్రీ? నున్నటి వైపు పైకి."

"మొత్తమంతానా అండీ? ఆ కల్వర్టు వాలు మీదన్నా గరుకు పైకి పెడదామండీ. చలికాలం రాయికి చెమట పడుద్ది. ఇది నడిచే దారి, దేవుడి గది కాదు కదండీ."

కల్వర్టంటే, గేటుకీ సైన్సు బ్లాకుకీ మధ్య ఒక మురుగుకాలవ అడ్డం వస్తుంది, దాని మీద కట్టింది. దాని మీదికెక్కి అవతలికి దిగేచోట ఇరవై అడుగుల వాలు. మేస్త్రి చెప్పింది ఆ వాలు గురించే. నాకు చిర్రెత్తింది. డిగ్రీ చదివినవాణ్ణి, నాకు ఈయన పాఠం చెప్పేదేంటని. "మేస్త్రీ, నీ పని నువ్వు చెయ్యి" అన్నాను. అతను చుట్ట రెండోవైపుకి మార్చుకుని, "సరేనండీ, తమరు చెప్పాక నాదేముంది" అని రాయి పడుకోబెట్టాడు. నున్నటి వైపు పైకి.

దారి బ్రహ్మాండంగా కుదిరింది. గవర్నరు గారు మాత్రం ఆ దారిన నడవలేదు. కారు తిన్నగా ఆడిటోరియం మెట్లదాకా వెళ్ళింది, తిన్నగా వెనక్కి పోయింది.

మార్గశిరం వచ్చింది. మన వైపు మంచు మీకు తెలియంది కాదు. తెల్లారేసరికి పత్తిచేలన్నీ కనపడకుండా పోతాయి, హైవే మీద లారీలు లైట్లు వేసుకుని పాకుతుంటాయి, బస్సు హారను వినపడుతుంది గానీ బస్సు కనపడదు. ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా అదే వరస. రాళ్ళకి నిజంగానే చెమట పట్టింది. మొదటి వారంలోనే అరడజను మంది జారారు. అందరూ చుట్టూ చూసి, దులుపుకుని వెళ్ళిపోయారు. నేను సైకిల్ షెడ్డు దగ్గర నిలబడి చూసి, కొత్త రాయి కదా, నాలుగు రోజులు నడిస్తే నలుగుతుందిలే అనుకున్నాను. రెండో వారానికల్లా జనమే ఉపాయం కనిపెట్టారు. ఎప్పటి అలవాటే, చెప్పులు చేతిలోకి వచ్చాయి. రెండు లక్షల రాతిదారి మీద పిల్లలంతా వట్టికాళ్ళతో నడుస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక అమ్మాయికి మాత్రం ఆ ఉపాయం పనికిరాలేదు. పొన్నూరు నుంచి బస్సులో వచ్చే ఎమ్మెస్సీ పిల్ల. వాళ్ళ నాన్న కౌలుకి వరి చేసే మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలికి ఇనపకమ్మీల కాలిపరు, దానికి బిగించిన బూటు, కుడిచేతి కింద కర్ర. అందరూ చెప్పులు విప్పుకుంటారు, ఆ బూటు విప్పుకోవడం ఎలా?

ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మా స్వీపరుకి తట్టింది.

ఆవిడది క్యాంపస్ పక్క ఊరు. నలభై దాటి ఉంటాయి. తెల్లారకముందే చీపురుతో వచ్చేది, ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని ముందు చర్చికి వెళ్ళేది. పదకొండేళ్ళుగా రోజుకూలీ పద్దులోనే పని. ఆ ఏడు రోజుకూలీల్లో పాతవాళ్ళని పర్మనెంటు చేస్తారని జాబితా తయారవుతోంది. అందులో ఆవిడ పేరు ఉంది, నేనే చూశాను. ఆవిడకీ చెప్పాను. ఆ మాట విన్నాక వారం రోజులపాటు ఆవిడ మొహం చూడాలి, పెళ్ళి కుదిరిన ఇంట్లో మనిషిలా తిరిగింది. భర్త గుంటూరు మిర్చి యార్డులో హమాలీ, నడుము పట్టేసి అప్పటికే సగం రోజులు ఇంట్లోనే ఉంటున్నాడు. కాబట్టి ఆ పేరు ఆ జాబితాలో ఉండటమంటే ఆ ఇంటికి ఏమిటో మీరు ఊహించుకోండి.

ఒక రోజు పొద్దున కల్వర్టు దగ్గరికి వెళ్ళేసరికి వాలు పొడుగునా గోనెలు పరిచి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"గోనెలండీ."

"గోనెలని తెలుస్తోందిలే. దారి మీదెందుకు?"

"ఆ పాప కోసమండీ, కర్ర పాప. ఈ వాలు మీద ఆ కర్ర నిలవటం లేదండీ. మా ఆయన యార్డునుంచి చిరిగిన టిక్కీలు తెచ్చాడు. ఎండొచ్చాక తీసేస్తాను."

"నిన్నెవరు వేయమన్నారు?"

"ఇదొకళ్ళు చెప్పాలేందండీ?" అంది, చీపురు చంకలో పెట్టుకుని. ఎదురు చెప్పినట్టు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

మన గుంటూరులో మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు కదా. ఆ గోనెని ఎన్నిసార్లు నీళ్ళలో ముంచినా ఘాటు పోదు. పైన మనుషులు నడిచేకొద్దీ సన్నటి కారం లేస్తుంది. వాలు దిగినవాడల్లా ఒక తుమ్ము తుమ్మి క్లాసుకి వెళ్ళేవాడు. ఒక పెద్ద ప్రొఫెసరు గారైతే ఏడు తుమ్ములు తుమ్మి, తిన్నగా మా ఆఫీసుకొచ్చి, ఎనిమిదోది నా టేబులు మీద తుమ్మారు. రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా ఇచ్చారు. అందరం నవ్వుకున్నాం. కానీ గోనెలు పరిచాక ఆ వాలు మీద ఒక్కరూ పడలేదు. నేను ఆ సంగతి గమనించాను, గమనించి ఊరుకున్నాను. గరుకు వైపు పైకి పెట్టి ఉంటే ఈ గోనెలతో పనేముందన్న ఆలోచన రానివ్వలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఢిల్లీ నుంచి ఒక కమిటీ వస్తుందన్నారు, యూనివర్సిటీకి గ్రేడు ఇవ్వడానికి. ముందురోజు మధ్యాహ్నం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు రౌండుకొచ్చి, షెడ్డు పక్కన ఆరేసిన గోనెలు చూశారు. "ఇది యూనివర్సిటీనా, మిర్చి యార్డా? రేపట్నించి ఇవి నా కంటికి కనపడకూడదు" అని జీపెక్కారు. నేను స్వీపరుని పిలిచాను.

"మూడు రోజులపాటు దారి మీద గోనెలు వేయొద్దు."

"మంచు గట్టిగా పడేట్టుందండీ. వాలు మీద మటుకు వేస్తాను. కమిటీవాళ్ళు పది కాకుండా రారు కదా, ఈలోపే తీసేస్తాగా."

ఎంత సబబైన మాటో చూడండి. ఇప్పుడు అనిపిస్తోంది సబబని. అప్పుడు, "ఒకసారి చెబితే అర్థం కాదా? వద్దంటే వద్దు" అని అరిచాను.

"ఆ పాపకి రేపు ప్రాక్టికల్ పరీక్షంటండీ."

"ఆ అమ్మాయితో నేను చెప్తాలే, వెనకాల లారీలు తిరిగే రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రమ్మని."

ఆ అమ్మాయితో నేను చెప్పలేదు. మర్చిపోయాను. సాయంత్రమంతా కమిటీవాళ్ళకి గెస్ట్‌హౌస్‌లో గీజరు పనిచేయడం లేదని దాని చుట్టూ తిరిగాను.

మర్నాడు ఎనిమిదింటికి నేను సైకిల్ దిగేసరికి కల్వర్టు దగ్గర జనం. పది అడుగుల అవతల ఏముందో కనపడని మంచు. ఆ పిల్ల వాలు మధ్యలో రాళ్ళ మీద కూర్చుని ఉంది. కర్ర కాలవ గట్టు దాకా జారిపోయింది. కుడి మణికట్టు దగ్గర చెయ్యి వంకరగా వేలాడుతోంది. కర్ర పట్టే చెయ్యీ అదే, పరీక్ష రాసే చెయ్యీ అదే. స్వీపరు ఆ పిల్ల వెనకాల కూర్చుని, తన ఒంటికి ఆనించుకుని, కొంగుతో ఆ చెయ్యి ఎత్తి పట్టుకుంది. నేను మీకు మొదట్లో చెప్పానే, పడ్డవాళ్ళు చుట్టూ చూస్తారని. ఆ పిల్ల చూడలేదు. ఎడమచేతి గడియారం చూసుకుంది.

యూనివర్సిటీ వ్యాన్‌లో గుంటూరు తీసుకెళ్ళాం. మణికట్టు రెండుచోట్ల విరిగిందన్నారు. పదిన్నరకి మంచు విడింది, ఎండ వచ్చింది, కమిటీ వచ్చింది. ఆ దారి చూసి, ఎంత శుభ్రంగా ఉంచారండీ అని వాళ్ళలో ఒకాయన మెచ్చుకున్నాడట. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఆ మాట నాకు సంతోషంగా చెప్పారు. గీజరు సంగతి చూడాలని చెప్పి నేను బయటికొచ్చేశాను.

పిల్లలు ఊరుకోలేదు. రిజిస్ట్రారు గది ముందు బైఠాయించారు. విచారణ వేశారు. ఇంజనీరింగ్ సెక్షన్ తరఫున రిపోర్టు నేనివ్వాలి. మా సెక్షన్‌లో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు. కాగితాల పనిలో గట్టివాడు, మనిషి చెడ్డవాడు కూడా కాదు. టైపు మిషన్‌లో కాగితం ఎక్కించి, "గోనెలు వేయమని ఆర్డరుందా సార్?" అని అడిగాడు.

"లేదు."

"తీయమని?"

"నోటిమాటగా చెప్పాను."

"అయితే చెప్పనట్టే సార్. కాగితం మీద లేనిది జరగనట్టే. మీరెందుకు కంగారు పడతారు?" అని తనే టకటకా కొట్టేశాడు. విధుల్లో ఉన్న స్వీపరు దారిపై తడిని తుడవక నిర్లక్ష్యం వహించినందువల్ల ప్రమాదం సంభవించినది. నేను రెండుసార్లు చదివాను. సంతకం పెట్టాను.

విచారణ రోజు రిజిస్ట్రారు గారి గదిలో నలుగురం కుర్చీల్లో ఉన్నాం, మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారితో సహా. ఆవిడ చెప్పులు బయట విడిచి వచ్చి, తలుపు పక్కన నిలబడింది. రిజిస్ట్రారు గారు మెత్తగానే అడిగారు.

"రోజూ గోనెలు వేస్తావటగా అమ్మా, ఆ రోజెందుకు వేయలేదు?"

ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది. "సారు ఇక్కడే ఉన్నారు కదండీ. ఆయన చెప్తారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. బరువు మోసుకొచ్చిన మనిషి, మీరొక చెయ్యి వేయండి అన్నట్టు అంది. అందరూ నా వైపు తిరిగారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు మాత్రం ఫైలు తీసి చదువుకోవడం మొదలుపెట్టారు. నేను చుట్టూ చూశాను. అవును, అచ్చం జారిపడ్డవాడిలాగే, ఎవరెవరు చూస్తున్నారా అని చూశాను.

"గోనెలు వద్దన్న మాట నిజమే సార్" అన్నాను. "కానీ తడి లేకుండా పొడిగుడ్డతో తుడుస్తూ ఉండమని కూడా చెప్పాను."

మొదటి వాక్యం నిజం. రెండోది ఆ క్షణంలో పుట్టింది. మొదటిది నిజం కాబట్టి రెండోది కూడా నమ్మారు. ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. తెలిసిన ఇల్లే అనుకుని తలుపు తట్టి, లోపలినుంచి కొత్తవాళ్ళు వస్తే ఎలా చూస్తాం, అలా చూసింది. నాకు ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, చలికాలమైతే మరీను.

"తుడిచావా అమ్మా?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"తుడిచానండీ. తుడిచేకొద్దీ పడుద్ది కదండీ మంచు."

"మరి ఆ అమ్మాయి పడినప్పుడు నువ్వు దగ్గర లేవటగా. ఎక్కడున్నావు?"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. చీర అంచు సవరించుకుంది. "దగ్గర లేనండీ" అంది.

అంతే. వేలిముద్ర వేయించుకున్నారు. ఆ వారంలోనే పనిలోంచి తీసేశారు. జాబితాలో ఆవిడ పేరు మీద ఎర్రగీత పడింది. ఆ గీత గీసింది మా సీనియర్ అసిస్టెంటే, స్కేలు పెట్టి మరీ.

నేను మీకు అబద్ధం చెప్పను, ఆ తర్వాత నాకు బాగానే నిద్రపట్టింది. మనిషి అలవాటు పడలేనిదంటూ లేదు. పైవాళ్ళు చెప్పారు, నేను చెప్పాను, అందరూ చేసేదే చేశాను అని రోజూ నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. వాలు మీద ఎవరో ఇసక చల్లి పోయేవాళ్ళు. నేను కల్వర్టు వైపు వెళ్ళడం మానేసి లారీల రోడ్డున చుట్టూ తిరిగి ఆఫీసుకి వచ్చేవాణ్ణి.

ప్రమాదం జరిగి నెల గడిచింది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి మా ఆఫీసుకి వచ్చింది, వాళ్ళ నాన్న భుజం పట్టుకుని. కట్టు విప్పారట, చెయ్యి సన్నబడిపోయింది. మళ్ళీ పరీక్ష పెడతామని డిపార్ట్‌మెంటువాళ్ళు ఒప్పుకున్నారని చెప్పింది. నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"స్వీపరాంటీ ఏరండీ? రెండ్రోజుల్నుంచి చూస్తున్నాను, కనపడటం లేదు."

"ఆవిణ్ణి తీసేశారమ్మా."

"ఎందుకు?"

"ఆ రోజు అశ్రద్ధగా ఉన్నందుకు" అన్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"అశ్రద్ధేంటండీ? నన్ను కల్వర్టు మీద ఆపింది కదండీ ఆవిడ! 'అమ్మా, ఒక్క నిమిషం ఇక్కడే నిలబడు, గోనె తెచ్చి వేస్తాను, నువ్వు దిగాక తీసేస్తాలే, సారు చూడరు' అని షెడ్డుకి పరిగెత్తింది. నేనే ఆగలేదు. పరీక్షకి పది నిమిషాలే ఉంది. ఆవిడ గోనె భుజాన వేసుకుని వచ్చేసరికి నేను జారి పడి ఉన్నాను."

"మరి ఈ మాట విచారణలో చెప్పలేదేంటి ఆవిడ?"

అమ్మాయి వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన తల దించుకుని చెప్పాడు. "ఆస్పత్రికొచ్చిందండీ ఆయమ్మ, కోడిగుడ్లు పట్టుకుని. 'ఆగమన్నా ఆగలేదంటే తప్పంతా పిల్ల మీదికే నెడతారు, మళ్ళీ పరీక్ష కూడా పెట్టరు. మీరెవరితోనూ అనొద్దు. మా సారు ఉన్నాడు, నా సంగతి ఆయన చూసుకుంటాడు' అని మాతో ఒట్టేయించుకుంది. పని పోయిందని మాకు తెలవదండీ. తెలిస్తే అప్పుడే వచ్చేవాళ్ళం."

మా సారు ఉన్నాడు అన్నదట. వాళ్ళు వెళ్ళాక టేబులు సొరుగు లాగాను.

కాగితం తీసుకుని చేత్తోనే రాశాను, టైపుకి ఇవ్వలేదు. మేస్త్రి వద్దన్నా వాలు మీద నున్నటి వైపు పైకి పెట్టించింది నేను. గోనెలు వద్దన్నది నేను. ఆ అమ్మాయికి చెప్తానని చెప్పనిది నేను. తడి తుడవమని చెప్పానన్నది అబద్ధం. నాలుగే వాక్యాలు. సీనియర్ అసిస్టెంటు భుజం మీదనుంచి చదివి, "సార్, మీకు దణ్ణం పెడతాను, ఒక్కరోజు ఆగండి" అన్నాడు. ఆగితే ఇవ్వనని నాకు తెలుసు. తీసుకెళ్ళి రిజిస్ట్రారు గారి చేతికే ఇచ్చాను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు పిలిచి, "పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని కేకలేశారు. ఆయన చెప్పిన మాట నా కాగితంలో లేదని తెలిశాక కాస్త చల్లబడ్డారు. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు రాశారు, ప్రమోషను ఆలస్యమైంది. అది పెద్ద విషయమేం కాదు. ఆవిణ్ణి తిరిగి రోజుకూలీ కింద తీసుకోమని ఆర్డరు వచ్చింది. పర్మనెంటు జాబితా మాత్రం అప్పటికే పైకి వెళ్ళిపోయింది, ఆవిడ పేరు లేకుండా. అది మళ్ళీ తెరుచుకోలేదు, నేను రిటైరయ్యేదాకా.

కబురు చెప్పడానికి నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ మిరపకోత కూలికి పోయి అప్పుడే వచ్చింది. కాయ కోసిన చేతులు మండుతుంటాయి కదా, మజ్జిగ గిన్నెలో వేళ్ళు ముంచుకుని అరుగు మీద కూర్చుని ఉంది. లేవబోతే వద్దన్నాను.

"రేపట్నించి పనిలోకి రమ్మన్నారమ్మా."

"మంచిదండీ. ఆ జాబితా?" అంది.

"అది వెళ్ళిపోయిందమ్మా."

తలూపింది. గిన్నెలో వేళ్ళు కదుపుతూ ఉంది. లోపల భర్త దగ్గుతున్నాడు.

"తప్పు నాదమ్మా" అన్నాను.

"అవునండీ" అంది.

తిట్టలేదు, పోనీలెండి అని కూడా అనలేదు. నేను సైకిలెక్కి వచ్చేశాను.

ఆ వేసవిలో ఆ ముసలి మేస్త్రినే వెతికి పిలిపించి, రాళ్ళన్నీ లేపి తిరగేయించాను. అతను చుట్ట కాల్చుకుంటూ తన పని తను చేసుకుపోయాడు. మీ కాళ్ళకి తగిలే ఆ గరుకు అదే. కొత్తగా వచ్చినవాళ్ళు అది పాతకాలపు నాసిరకం పని అనుకుంటారని విన్నాను. అనుకోండి. పాలిషు మాత్రం పట్టించొద్దు.

కానీ రాళ్ళు తిరగేయకముందు, ఆవిడ పనిలోకి వచ్చిన నాలుగో రోజు, ఆ చలికాలానికి ఆఖరి మంచు పడింది. శివరాత్రి ఇంకా వారం ఉంది. నేను ఆరున్నరకే కల్వర్టు దగ్గరికి వెళ్ళాను. మంచులోంచి ఆవిడ వచ్చింది, భుజం మీద రెండు టిక్కీలు. వాలు పైన ఆగిపోయింది. పరచలేదు. నన్ను చూసి అలాగే నిలబడింది.

"సార్, వేయమంటారా?"

ఇదొకళ్ళు చెప్పాలేందండీ అన్న మనిషి.

"వెయ్యమ్మా, వెయ్యి" అన్నాను.

ఆవిడ కదల్లేదు. "రాసివ్వండి సార్" అంది.

జేబులో డైరీ తీసి, కాగితం చింపి, కల్వర్టు గోడ మీద పెట్టి రాశాను. గోడ తడికి కాగితం మెత్తబడి పెన్ను సరిగ్గా కదల్లేదు. రాసి ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ చూసి, గేటు వైపునుంచి చెప్పులు చేత పట్టుకుని వస్తున్న ఒక ఆడపిల్లని ఆపింది.

"అమ్మా, ఇందులో ఏం రాసుందో కాస్త చదివి పెట్టు. గట్టిగా."

ఆ పిల్ల నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి చదివింది. "మంచు ఉన్న రోజుల్లో కల్వర్టు వాలు మీద గోనెలు పరచాలి. ఇది నా ఆర్డరు."

"సంతకం ఉందా?"

"ఉంది ఆంటీ."

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకున్న చిన్న సంచి తీసి, అందులో పెట్టి, మూతి బిగించి, మళ్ళీ దోపుకుంది. అప్పుడు వంగి గోనె పరిచింది.